హోప్ ఐలాండ్

కాకినాడ అఖాతానికీ బంగాళాఖాతానికీ నడుమ దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిన ఇసుక దీవి హోప్ ఐలాండ్. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. కొద్ది మత్స్యకార కుటుంబాల గూడెం ఒకటి తప్పితే మిగిలినదంతా నిర్జనం. ఇసుక, సరుగుడు, లోపలి వైపు మడచెట్లు, అంతే.

దీని వయసు సుమారు రెండు వందల ఏళ్లు. గోదావరి గౌతమీ పాయ మోసుకొచ్చిన ఇసుకను కెరటాలు తీరం వెంట ఉత్తరానికి నెట్టుకుపోగా మేట పడి పెరిగింది. అప్పట్లో ఈ ప్రాంతపు పేరున్న రేవు కోరంగి. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన దాన్ని ముంచేసింది. తర్వాత వర్తకం కాకినాడకు మళ్లింది. బయటి సముద్రం ఎంత పోటెత్తినా అఖాతంలో ఓడలు నిలకడగా ఉండడానికి ఈ ఇసుకకట్టే ఆధారం. ఇంతటి మేలు చేస్తున్న నేలకు చరిత్ర పుస్తకాల్లో దక్కిన చోటు చాలా తక్కువ.

దీవికి పడమర, దక్షిణాల మడ అడవులను 1978లో కోరంగి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లులకూ నీటికుక్కలకూ అదే నెలవు. చలికాలంలో ఒండు మట్టి మేటల మీద వలస పక్షులు వాలతాయి.

దీవి ఇసుక మీద అసలు హక్కు మాత్రం ఆలివ్ రిడ్లే తాబేళ్లదే. జనవరి నుంచి మార్చి దాకా, రాత్రివేళ ఆడ తాబేలు పోటు గీత దాటి పైకి వస్తుంది. వెనక కాళ్లతో, ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక తోడి, కూజా ఆకారపు గుంత చేస్తుంది. అందులో నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి ఇసుకతో పూడుస్తుంది. ఆపైన ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్ట డిప్పతో దాన్ని దిమ్మిస కొట్టి, వెనుదిరిగి చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోతుంది. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. ఆడపిల్ల పుట్టాలో మగపిల్ల పుట్టాలో తేల్చేది ఇసుక వేడి. వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. ఒడిశాలోని గహీర్‌మఠలో లాగా ఇక్కడ వేల సంఖ్యలో ఒకేసారి రావు, విడివిడిగా వస్తాయి. కాబట్టి కుక్కలూ నక్కలూ తవ్వేసే ప్రతి గూడూ పెద్ద నష్టమే. అటవీ శాఖ గుడ్లు సేకరించి, కంచె కట్టిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతుంది.

పెద్ద ముప్పు మాత్రం ట్రాలర్ వలలది. ఊపిరికి పైకి రావలసిన జీవి వలలో చిక్కితే మునిగి చస్తుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టిన గడువు. తాబేళ్లు గుడ్లకు వచ్చే నెలలు దానికి ముందే గడిచిపోతాయి. ఆ నెలల్లో వాటికి ముఖ్యమైన రక్ష, వలలో తాబేలు తప్పించుకునేలా అమర్చే చట్రం. చేపలు జారిపోతాయన్న భయంతో దాన్ని బిగించుకోవడానికి పడవల వాళ్లు వెనకాడుతున్నారు. ఆ నష్టాన్ని వాళ్ల మీదే వదిలేయకుండా ప్రభుత్వం భరించడం న్యాయం.