తీగా, డొంకా

అక్టోబరు మొదటి వారంలో ఒక ఉదయం, కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో, వెస్ట్ డ్రై క్రీక్ రోడ్డు పక్కన కారు ఆపించి ఒక ఫోటో తీశాను. సన్నటి రోడ్డు. రెండు కార్లు ఎదురైతే రెండూ కాస్త ఒదగాలి. ఎడమ చేతి వైపు గట్టు మీద ఓక్ చెట్లు, వాటి కింద ముళ్ల బ్లాక్‌బెర్రీ పొదలు. కుడి వైపు వాగు దాకా ద్రాక్షతోట. ఆ ఫోటో మా తమ్ముడికి పంపాను. వాడు పొన్నూరు దగ్గర మా ఊళ్లోనే ఉంటాడు. అక్కడ రాత్రి పదకొండు. పడుకుని ఉంటాడనుకున్నాను గానీ వెంటనే జవాబు వచ్చింది.

"ఇదెక్కడి డొంకక్కా?"

కారు నడుపుతున్నది వాడి కూతురే. "నాన్న ఏమంటున్నారత్తా?" అంది.

"డొంక అంటున్నాడు."

"డొంకంటే?"

గుంటూరులో డొంక రోడ్డు మీదుగా ఏళ్ల తరబడి బడికి వెళ్లిన పిల్ల. అది ఆ రోడ్డు పేరనుకుంది, పేరులో అర్థం ఉంటుందనుకోలేదు. డొంకతిరుగుడు మాటలంటే తెలుసు. తీగ లాగితే డొంకంతా కదిలిందంటే తెలుసు. డొంక మాత్రం తెలియదు. తన తండ్రి ఎన్నడూ చూడని దేశపు దారిని ఒక్క చూపులో గుర్తుపట్టి పేరు పెట్టిన మాట, తనకి సామెతగానూ రోడ్డు బోర్డుగానూ మాత్రమే మిగిలింది. ఆ రోజంతా ఆ మాటే నాతో ప్రయాణం చేసింది.

డొంక అంటే పొద. అల్లిబిల్లిగా పెరిగిన ముళ్ల చెట్ల గుంపు. డొంక అంటే ఆ పొదల నడుమ నుంచి పోయే దారి కూడా. మా వైపు చేలకి గోడలుండేవి కావు, కంచెలుండేవి. జెముడు, కిత్తనార, బలుసు, తుమ్మ, మధ్య మధ్య ఈతచెట్టు. ఒక చేని కంచెకీ ఎదుటి చేని కంచెకీ మధ్య బండి పట్టేటంత జాగా. పొలాలకి వెళ్లే బండ్లూ, మేతకి వెళ్లే గొడ్లూ దాంట్లోనే నడిచేవి. ఇనుప పట్టా వేసిన చక్రాలు ఏళ్ల తరబడి అరగదీయడంతో దారి రెండు పక్కల చేల కన్నా పల్లంగా దిగిపోయేది. వానొస్తే అదే వాగు. ఎండాకాలంలో మోకాలి లోతు దుమ్ము. చిన్నప్పుడు డొంకలో నడుస్తుంటే ఊరు కనపడేది కాదు, పైన ఆకాశం మాత్రం పొడుగ్గా కనపడేది.

పొదకీ దారికీ ఒకే పేరేమిటి? నా మట్టుకు పొదే ముందు, దారి తర్వాత. దారికి తనదంటూ ఒక పేరు అక్కర్లేకపోయింది, పక్కన నిలబడిన దాని పేరే దానికి సరిపోయింది. ఇది చిన్న విషయం కాదు. తెలుగునాట ఇలాంటి దారులకి ఇంకా పేర్లున్నాయి. తెలంగాణలో బండ్లబాట, సీమలో రస్తా, గోదావరి జిల్లాల్లో పుంత. కవిత్వం కొత్త పుంతలు తొక్కిందని రాసే వ్యాసకర్తలు పుంతలో నడిచారో లేదో గానీ, ఆ మాట మాత్రం గోదావరి చేల గట్ల మీద నుంచి వచ్చిందే. బండ్లబాట దారి మీద నడిచే బండిని చెబుతుంది. డొంక ఒక్కటే దారి పక్కన పెరిగే దాన్ని చెబుతుంది.

ఇంగ్లీషువాళ్లు ఇలాంటి దాన్ని బ్యాక్ రోడ్డు అంటారు. ఆ మాట హైవే మీద నిలబడి పెట్టిన పేరు. 101వ నంబరు హైవే ముందు, మిగిలినవన్నీ దాని వెనక. హీల్డ్స్‌బర్గ్ దగ్గర హైవే దిగి వెస్ట్‌సైడ్ రోడ్డు పట్టుకుని, కొంచెం దూరం పోయి కుడికి తిరిగితే వచ్చే ఈ దారి దేనికీ వెనక లేదు. తన వాగుకి పక్కన ఉంది, తన తోటలకి నడుమ ఉంది. ఫ్రెంచివాళ్ల దగ్గర మన డొంకకి కాస్త దగ్గరగా వచ్చే మాట ఒకటుంది. బుర్గుండీలో కొన్ని ద్రాక్షతోటల పేర్లకి ముందు 'క్లో' అని ఉంటుంది. చుట్టూ గోడ కట్టిన తోట అని దానర్థం. సిస్టర్షియన్ సన్యాసులు గోడ కట్టిన క్లో ద వూజో ఈనాటికీ ఆ పేరుతోనే ఉంది. అక్కడ గోడని బట్టి తోటకి పేరు, మన దగ్గర కంచెని బట్టి దారికి పేరు.

ఇక తీగ సంగతి. మన కళ్లకి ద్రాక్ష అంటే పందిరి. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి ద్రాక్షని తలెత్తి చూసే ఎత్తున పందిళ్లకి పాకించారు. గుత్తులు నెత్తి మీద వేలాడేవి. డ్రై క్రీక్ లోయలో జిన్‌ఫండెల్ అనే ద్రాక్ష పాత తోటల్లో పందిరి లేదు, ఇనుప తీగెలు కట్టిన వరసలూ లేవు. ఒక్కో మొక్కా నడుమెత్తు మొండెంతో, నాలుగు వైపులా చేతులు చాచి, దేన్నీ ఆనుకోకుండా నిలబడుతుంది. మొండెం నల్లగా, బెరడు పేలికలు పేలికలుగా. వందేళ్లు దాటినవీ ఉన్నాయి. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం ఉన్నా, ఇంటివాడకానికి పళ్లరసం పులియబెట్టుకోవడానికి చట్టంలో సందు ఉండేది. అందుకని ద్రాక్ష రైళ్లెక్కి తూర్పు తీరానికి పోయింది, ఆ తీగలు గొడ్డలికి బలికాలేదు. వాటిని ఇంగ్లీషులో ఏమంటారో మేనకోడలు చెప్పినప్పుడు నేను నవ్వు ఆపుకోలేకపోయాను. బుష్ వైన్‌లంటారట. పొద తీగలు. ఇక్కడ తీగే డొంక.

అప్పుడు సామెత మళ్లీ గుర్తొచ్చింది. తీగ లాగితే డొంకంతా కదిలిందని మన పత్రికలు దొంగతనాల వార్తల్లో వాడతాయి. ఈ జిన్‌ఫండెల్ తీగకి అది అక్షరాలా జరిగింది.

పంతొమ్మిదో శతాబ్దం నుంచీ కాలిఫోర్నియా దీన్ని తన సొంతమనుకుంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. 1967లో ఆస్టిన్ గోహీన్ అనే మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త ఇటలీ దక్షిణాన పూల్యాలో ప్రిమితీవో అనే ద్రాక్షని చూసి, ఇది మా జిన్‌ఫండెల్ లాగే ఉందే అనుకున్నాడు. తర్వాత డీఎన్ఏ పరీక్షల్లో రెండూ ఒకటేనని తేలింది. అక్కడితో ఆగలేదు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన కేరల్ మెరెడిత్, క్రొయేషియా శాస్త్రవేత్తలు ఇవాన్ పెయిచ్, ఎడి మాలెతిచ్ కలిసి క్రొయేషియా వైపు అడ్రియాటిక్ తీరంలో వెతికారు. 2001లో కాష్టెల్ నోవీ అనే ఊళ్లో ఒక పాత తోటలో దొరికింది. అక్కడివాళ్లు దాన్ని త్స్రిల్యెనాక్ కాష్టెలాన్‌స్కీ అంటున్నారు. కాష్టెలా ఎర్రది అని అర్థం. ఇంకా వెనక్కి పోతే ఇదే ద్రాక్షకి త్రిబిద్రాగ్ అన్న పాత పేరు బయటపడింది. ఈ కథలో నాకు అన్నిటి కన్నా ఇష్టమైన మెలిక ఇదే: ప్రిమితీవో అన్నా, త్రిబిద్రాగ్ అన్నా, అర్థం ముందుగా పండేదని. ఒకటి లాటిను లోంచి, ఒకటి గ్రీకు లోంచి. రెండు తీరాలవాళ్లూ ఒకే గుణాన్ని పట్టుకుని పేరు పెట్టారు. మన రైతయితే పునాస ద్రాక్ష అనేవాడు.

తోట అంచున, అడిగి, ఒక గుత్తి చేతిలోకి తీసుకున్నాను. ఒకే గుత్తిలో మూడు కాలాలున్నాయి. కొన్ని పళ్లు ఇంకా గులాబి రంగులో పులుపు, కొన్ని నల్లగా నిండు తీపి, కొన్ని అప్పుడే ముడతలు పడి కిస్‌మిస్. జిన్‌ఫండెల్ అలాగే పండుతుందట, సమంగా పండదు. ముందుగా పండేదన్న పేరు గుత్తిలో సగానికే వర్తిస్తుంది. తీపి మాత్రం మనం బజారులో కొనే ద్రాక్ష ఎన్నడూ అందుకోలేనిది.

డొంకతిరుగుడు అన్న మాటకి మనం చెడ్డ పేరు తెచ్చాం. సూటిగా చెప్పనివాడిది డొంకతిరుగుడు. కానీ డొంక ఎందుకు తిరుగుతుంది? ఎవరి చేనునీ కోయదు కాబట్టి. హద్దు ఎటు పోతే అటు పోతుంది, చింతచెట్టు అడ్డొస్తే చుట్టి వస్తుంది. కన్నడంలో డొంకు అంటే వంకర. కుక్కతోక వంకర అని మనమన్న చోట వాళ్లు నాయి బాల డొంకు అంటారు. పొదా, దారీ, వంకరా పక్కపక్క భాషల్లో ఇంత దగ్గరగా మసలడం నాకు ఊరికే జరిగినట్టు అనిపించదు. వెస్ట్ డ్రై క్రీక్ రోడ్డు కూడా కొండ వాలునీ వాగు ఒడ్డునీ అడిగి అడిగి తిరుగుతుంది. ఆ వాగు పేరుకి ఎండువాగు. వేసవిలో ఎండిపోయేది కాబట్టి ఆ పేరు. ఎగువన వార్మ్ స్ప్రింగ్స్ ఆనకట్ట కట్టాక, 1980ల నుంచీ, వేసవిలోనూ నీళ్లు వదులుతున్నారు. పేరు ఎండింది, వాగు పారుతోంది.

మధ్యాహ్నం వెనక్కి వచ్చి వెస్ట్‌సైడ్ రోడ్డు మీద రష్యన్ నది వెంబడి దక్షిణానికి పోయాం. ద్రాక్షకి ముందు ఈ నేల మీద బీరులో వేసే హాప్స్ తీగలు, ఎండబెట్టి అమ్మే ప్రూన్ పళ్ల తోటలు ఉండేవి. 1905లో కట్టిన హాప్స్ ఆరబెట్టే కొలిమి కట్టడం ఒకటి, మూడు గోపురాలతో, రోడ్డు పక్కనే నిలిచి ఉంది. ఇదే రోడ్డు మీద బాచిగలూపి కుటుంబం తోట ఉంది. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు సీసాల మీది పేర్లు చూడకుండా రుచి చూసి తెల్ల వైన్లలో మొదటి స్థానం ఇచ్చింది నాపా లోయకి చెందిన షాటో మాంటెలేనా వారి 1973 షార్డనేకి. ఆ పేరుతో లోకమంతా నాపా వైపు తిరిగింది. ఆ వైన్‌లో పడిన పండులో ఎక్కువ భాగం మాత్రం కొండకి ఇవతలిది, సోనోమాది. అందులో ఒక మంచి వాటా ఈ డొంక పక్క తోట నుంచి వెళ్లింది. ఆ వైన్ చేసినవాడు మైక్ గ్రగిచ్, క్రొయేషియాలో పుట్టినవాడు. జిన్‌ఫండెల్ మా తీరానిదేనని శాస్త్రవేత్తల కన్నా ముందు నుంచీ అంటూ వచ్చినవాడు కూడా ఆయనే. తీగ ఎక్కడ లాగినా అదే డొంక కదులుతోంది.

సాయంత్రం ఒక చిన్న వైనరీ దగ్గర ఆగాం. పాత కొట్టాం, లోపల పీపాలు వరసగా. పీపా! ఆ మాట పైకి అన్నాను. మా ఇంట్లో పీపా అంటే కిరసనాయిలుది, తర్వాత నీళ్లది. ఆ మాట పోర్చుగీసు ఓడల్లో మనకి వచ్చింది, వాళ్ల భాషలో పీపా అంటే వైన్ నింపే కొయ్య పీపాయే. నాలుగైదు వందల ఏళ్లు తెలుగింట నూనెలూ నీళ్లూ మోసిన మాట నా నోటి నుంచి తన సొంత సరుకు ముందుకి వచ్చి నిలబడింది. దీనికి ఎదురు నడిచిన మాట వైన్. మన పట్నాల్లో వైన్స్ అన్న బోర్డు కింద ద్రాక్ష వాసన తగలదు, ఆ మాట పండుని వదిలేసి దుకాణం అయిపోయింది. అది నాకు బాధ. ఇక్కడ గ్లాసులో పోసిన గుక్కెడు నేను రుచి చూశాను. మిరియం ఘాటు, దాని వెనక ఎండు పండు. నాకు ఇంకా నచ్చింది పెరట్లో కుప్ప పోసిన పిప్పి వాసన. చెరకు గానుగ దగ్గరి వాసనకి మేనత్త కూతురు.

తమ్ముడి నుంచి ఇంకో సందేశం వచ్చింది. "మన చెరువు డొంక ఇప్పుడు లేదక్కా. రెండు వైపుల వాళ్లూ కలిపేసుకున్నారు." రెవెన్యూ పటంలో అది డొంక పోరంబోకుగా ఉంటుంది, పాత సర్వే గీతల మధ్య సన్నగా, వంకరగా. నేల మీద జెముడూ పోయింది, బలుసూ పోయింది, దారీ పోయింది. కంచె పోతే దారి నిలవలేదు. పేరు ఎందుకు ఒకటయిందో అది చదివాక నాకు ఇంకా బాగా తెలిసింది.

చీకటి పడకముందు తిరిగి డ్రై క్రీక్ వైపు వచ్చి, వాగు దాటడానికి లాంబర్ట్ వంతెన దగ్గరికి వచ్చాం. ఇనుప వంతెన, ఒక్క బండికే దారి. మేం సగం ఎక్కాక అవతలి నుంచి పికప్పు ట్రక్కు వచ్చింది, వెనక తొట్ల నిండా ద్రాక్ష.

"ఎవరు వెనక్కి వెళ్లాలత్తా?"

"డొంకలో ఎదురైతే ఖాళీ బండే వెనక్కి పోవాలమ్మా."

తను నెమ్మదిగా వెనక్కి పోనిచ్చి బ్లాక్‌బెర్రీ పొదలకి ఆనించి ఆపింది. ట్రక్కు మనిషి చెయ్యెత్తి వెళ్లాడు. తొట్ల నుంచి కారిన రసం వంతెన పొడుగునా చుక్కలు చుక్కలుగా పడి ఉంది. కందిరీగలు అప్పుడే వాలుతున్నాయి.