యుగాంత ప్రవచనములు – యూదజాతి భవిష్యత్తు: తెలుగు క్రైస్తవ సంప్రదాయము

యేసుక్రీస్తు మరల భూమికి వేంచేయుననియు, మృతులు లేచెదరనియు, సర్వజనులకును తీర్పు జరుగుననియు విశ్వసించు క్రైస్తవ మతమున, ఆ కడవరి దినములలో యూదజాతికి ఏ గతి పట్టునను ప్రశ్న తొలి శతాబ్దినుండియు చర్చింపబడుచునే యున్నది. తెలుగు సంఘములలో ఈ విషయమంతయు ‘రాకడ’ అను పేర వ్యవహరింపబడును. విశ్వాసులు పరలోకమునకు ఎత్తబడుట, కడవరి మహాశ్రమలు, క్రీస్తు వెయ్యేండ్ల పరిపాలన అనునవి దాని అంగములు. ఆంధ్రదేశమున ఈ చర్చ పండితగోష్ఠులకు పరిమితము గాక, గోదావరి డెల్టాలోని కూడికలు మొదలుకొని, తాము ఇశ్రాయేలు సంతతివారమని ప్రకటించుకొనిన గుంటూరు మండల గ్రామస్థులవరకు వ్యాపించినది.

మూలాధారములు

క్రీ. పూ. 722 ప్రాంతమున అష్షూరీయులు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యమును జయించి అచ్చటి గోత్రములవారిని చెరగొనిపోయిరి, క్రీ. పూ. 586 ప్రాంతమున బబులోనువారు యెరూషలేమును, దేవాలయమును ధ్వంసము చేసిరి. ఈ విపత్తుల నడుమ, చెరలోనుండియే ప్రవచించిన యెహెజ్కేలు గ్రంథము, చెదరిన జనము తిరిగి సమకూడునను ఆశకు ప్రధానాధారము. ఆ గ్రంథము 37వ అధ్యాయమున, ఎండిన యెముకలు సజీవములైన దర్శనమునకు పిమ్మట, ప్రవక్త ఒక కఱ్ఱ తునకపై యూదా పేరును, వేరొకదానిపై ఉత్తర రాజ్యమును సూచించు ఎఫ్రాయిము పేరును వ్రాసి, రెంటిని తన చేతిలో ఒక్కటిగా జోడించి జనులకు చూపవలెనను ఆజ్ఞ కలదు. విడిపోయిన రెండు రాజ్యములు ఒకే రాజునకు లోబడి ఏకమగుననుట దాని భావము.

నూతన నిబంధనలో ఇంతటి ప్రాధాన్యము రోమా పత్రికలోని 9, 10, 11 అధ్యాయములకు కలదు. అందు పౌలు ఒలీవ వృక్షమును దృష్టాంతముగా గైకొని, కొన్ని సహజశాఖలు విరువబడిన చోట అడవి ఒలీవ కొమ్మలవలె అన్యజనులు అంటుకట్టబడిరనియు, చెట్టును నిలుపునది మూలమే గాని కొమ్మ గాదు గనుక వారు అతిశయింపరాదనియు, విరిగిన శాఖలను మరల అంటుకట్టుట దేవునికి అసాధ్యము కాదనియు బోధించెను. ఇశ్రాయేలు కాఠిన్యము కొంతకాలమునకే గాని శాశ్వతము గాదనుట ఈ అధ్యాయముల సారము.

వ్యాఖ్యానభేదములు

క్రీ. శ. 70లో రోమనులు దేవాలయమును కూల్చిన పిదప, ఇశ్రాయేలునకు చేయబడిన వాగ్దానములన్నియు క్రైస్తవ సంఘమునకే సంక్రమించెనను వాదము క్రమముగా బలపడెను. సంఘపితయైన అగస్టీను వెయ్యేండ్ల పరిపాలనను సంఘకాలముగనే గ్రహించియు, కడపట ఏలీయా బోధవలన యూదులు క్రీస్తును విశ్వసింతురని వ్రాసెను. 19వ శతాబ్దమున జాన్ నెల్సన్ డార్బీ (1800–1882) ఇశ్రాయేలునకును సంఘమునకును దైవప్రణాళికలో వేర్వేరు స్థానములు కలవనియు, సంఘము ఎత్తబడిన పిమ్మట ఇశ్రాయేలును గూర్చిన వాగ్దానములు నెరవేరుననియు ప్రతిపాదింపగా, 1909లో వెలువడిన స్కోఫీల్డు బైబిలు ఆ మతమును దేశదేశములకు చేర్చెను. 1948 మే 14న ఇశ్రాయేలు రాజ్యము ప్రకటితమగుటయు, 1967లో పాత యెరూషలేము దాని వశమగుటయు ఈ పక్షమువారికి ప్రవచనముల నెరవేర్పుగా తోచెను. కాథలిక్కుల రెండవ వాటికన్ మహాసభ వేరొక మార్గమున, 1965లో, యూదులను దేవుడు త్యజించిన జాతిగా గాని శపించిన జాతిగా గాని చిత్రింపరాదని శాసించెను.

ఆంధ్రదేశమున వ్యాప్తి

డార్బీ ప్రముఖుడుగా నుండిన బ్రదరెన్ ఉద్యమమునకు చెందిన విలియం బౌడెన్, జార్జి బీరు అను మిషనరీలు 1836లో భారతదేశమునకు వచ్చి, నరసాపురము కేంద్రముగా గోదావరి డెల్టాలో సంఘములను నెలకొల్పిరి. లూథరన్ సంఘమునుండి వెలువడి 1938లో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసు, రాకడకు సిద్ధపడు పెండ్లికుమార్తె సంఘమును తన బోధకు కేంద్రముగా చేసికొనెను. పంజాబున సిక్కు కుటుంబమున జన్మించిన భక్తసింగు (1903–2000) మద్రాసులో నెలకొల్పిన కేంద్రమునకు యెహోవా షమ్మా అని పేరిడెను. ఇది యెహెజ్కేలు గ్రంథపు కడపటి వాక్యములో పునరుద్ధృత నగరమునకు పెట్టబడిన పేరు. హైదరాబాదులోని ఆయన కేంద్రమునకు అబ్రాహాము సమాధియున్న హెబ్రోను పేరే కలిగినది. 

బెనె ఎఫ్రాయిము

గుంటూరు మండలమున చేబ్రోలునకు చేరువనున్న కొత్తరెడ్డిపాలెములో, పూర్వము క్రైస్తవులై యుండిన కొన్ని మాదిగ కుటుంబములు 20వ శతాబ్ది చివర యూదాచారములను స్వీకరించి, తాము చెదరిపోయిన ఎఫ్రాయిము గోత్రమువారమని ప్రకటించి, బెనె ఎఫ్రాయిము (ఎఫ్రాయిము సంతతి) అను పేర వ్యవహరింపబడుచున్నారు. ఒకప్పుడు క్రైస్తవ బోధకుడైన షమూయేలు యాకోబి, ఆయన సోదరుడు సాదోకు యాకోబి ఇందుకు నాయకులు. అచ్చట వారికి ప్రార్థనామందిరము కలదు, సబ్బాతును పాటింతురు, హెబ్రీ భాషను అభ్యసింతురు. అంటరానితనమునకు హేతువుగా చూపబడిన గోమాంసభక్షణమునే వారు తమ ఇశ్రాయేలు మూలమునకు చిహ్నముగా భావించుట, ఈ ఉద్యమమున మతాన్వేషణతో ఆత్మగౌరవము ఎంతగా పెనవేసికొన్నదో తెలుపును. వీరిని గూర్చి యూలియా యెగోరోవా, షాహిద్ పర్వేజ్ వ్రాసిన పరిశోధన గ్రంథము 2013లో వెలువడెను. తాము మనష్షే గోత్రమువారమని చెప్పుకొను మిజోరాం, మణిపూరు ప్రాంతముల బెనె మెనష్షేవారికి 2005లో ఇశ్రాయేలు ప్రధాన సెఫార్దీ రబ్బీ ఇచ్చిన గుర్తింపు వంటిది వీరికి లభింపలేదు.

విమర్శ, మూల్యాంకనము

జెకర్యా 13వ అధ్యాయమును ఆధారముగా గొని, మహాశ్రమలలో యూదులలో అధికాంశము నశింతురనియు, శేషించినవారు మాత్రమే క్రీస్తును అంగీకరింతురనియు చెప్పు వ్యాఖ్యానము యూదులకు బాధాకరమైనది. ఆ భూమినే స్వదేశముగా గలిగిన పాలస్తీనా క్రైస్తవులు, ప్రవచనము పేర తమ హక్కులను కాదనుట అన్యాయమని ఆక్షేపింతురు. ఈ రెండు ఆక్షేపణలును న్యాయమైనవే. యూరపులో యూదులు శతాబ్దులపాటు అనుభవించిన హింసలకు, 1941–45 నడుమ సుమారు 60 లక్షలమంది సంహారమునకు పూర్వరంగమైన ద్వేషమునకు, వారు దైవత్యక్తులను క్రైస్తవబోధ తోడ్పడిన చరిత్రను ఎరిగినవారు, యూదజాతిని రాకడ గడియను కొలుచు సాధనముగా భావింపజాలరు. ఎఫ్రాయిము పేరును తమ పేరుగా స్వీకరించిన కొత్తరెడ్డిపాలెము వారివలెనే, యూదులును తమ చరిత్రను తామే చెప్పుకొన అర్హులైన సజీవ ప్రజ. ఒలీవ వృక్షపు దృష్టాంతమున పౌలు అన్యజనులకు కాలగణనము నేర్పలేదు, వినయమును నేర్పెను. రాకడను గూర్చిన ప్రతి తెలుగు ప్రసంగమును ఆ వినయముతోనే పరీక్షింపదగియున్నది.