పందుల అంతుచిక్కని జబ్బు: లేలీస్టాడ్ నుంచి ఎక్సోసోమ్‌ల దాకా

అమెరికాలోని పందుల పెంపక కేంద్రాల్లో 1987 నుంచి వ్యాపించిన ఒక జబ్బుకు కారణమేమిటో తేలకపోవడంతో అక్కడి పశువైద్యులు కొన్నేళ్లపాటు దాన్ని 'అంతుచిక్కని పంది జబ్బు' అనే పిలిచారు. నెలలు నిండవచ్చిన సూడి పందులు ఈసుకుపోయేవి, ఈనిన పిల్లల్లో అనేకం చచ్చి పుట్టేవి, బతికి బయటపడ్డవి ఊపిరాడక చిక్కి శల్యమయ్యేవి. 1990 చివర జర్మనీలోనూ, మరుసటి ఏడాది మొదట్లో నెదర్లాండ్స్‌లోనూ అదే జబ్బు కనబడింది. కొన్ని పందుల చెవులు నీలం తిరగడం వల్ల దానికి 'నీలి చెవి జబ్బు' అనే పేరు కూడా స్థిరపడింది.

ఈ చిక్కుముడి విడివడిన చోటు లేలీస్టాడ్. సముద్రపు పాయకు అడ్డుకట్ట వేసి, నీరు తోడి, 1957లో ఆరబెట్టిన నేల మీద వెలసిన ఈ డచ్చి పట్టణంలోని కేంద్ర పశువైద్య పరిశోధన సంస్థలో గెర్ట్ వెన్స్‌వోర్ట్ బృందం 1991లో వ్యాధికారక వైరస్‌ను వేరుచేసింది. ప్రయోగశాలల్లో మామూలుగా వాడే కణజాతుల్లో ఆ వైరస్ పెరగలేదు. పంది ఊపిరితిత్తుల్లోకి ద్రావణం పోసి కడిగి, ఆ కడుగునీటి నుంచి మాక్రోఫేజ్‌లను, అంటే లోపలికి చొరబడిన సూక్ష్మజీవులను మింగివేసే రక్షక కణాలను, సేకరించి వాటిలో పెంచినప్పుడే అది పట్టుబడింది. దేహానికి కాపలా కాయవలసిన కణాన్నే తన నివాసం చేసుకోవడం ఈ వైరస్ స్వభావమని అలా తెలియవచ్చింది. తర్వాతి చరిత్ర అంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగిందనడం అతిశయోక్తి కాదు. పునరుత్పత్తిని, శ్వాసను రెండింటినీ దెబ్బతీసే జబ్బు కనుక, ఆ రెండూ తెలిసేలా పీఆర్‌ఆర్‌ఎస్ అన్న పేరు 1992 నాటికి ఖాయమైంది.

టీకా 1994లోనే అమెరికా మార్కెట్‌లోకి వచ్చినా జబ్బు లొంగలేదు. డెన్మార్క్‌లో 1996లో సజీవ టీకాలోని వైరసే మళ్లీ వ్యాధికారకంగా మారి మందల్లో పాకింది. చైనాలో 2006లో తలెత్తిన తీవ్ర రకం 20 లక్షలకు పైగా పందులకు సోకింది. ఆ రకానికి దగ్గరి వైరస్ 2013లో మిజోరంలో బయటపడి, కొద్దిపాటి పందులే ఆస్తిగా బతికే కొండ కుటుంబాలను దెబ్బతీసింది. అన్నిటికన్నా పరిశోధకులను వేధించిన ప్రశ్న వేరొకటి: వైరస్‌ను అడ్డుకోగల యాంటీబాడీలు రక్తంలో పుట్టిన తర్వాత కూడా అది టాన్సిల్స్‌లో, శోషరస గ్రంథుల్లో నెలల తరబడి ఎలా నిలవగలుగుతోంది?

దీనికి ఒక సమాధానం పందులతో నిమిత్తం లేని పరిశోధన నుంచి వచ్చింది. గొర్రెల రక్తంలోని లేత ఎర్ర కణాలు పరిపక్వమయ్యే క్రమంలో, తమకు ఇక అక్కరలేని ప్రోటీన్లను కొవ్వు పొరతో చుట్టిన అతి చిన్న తిత్తుల్లో పెట్టి వెలుపలికి వదులుతాయని కెనడాలో రోజ్ జాన్‌స్టోన్ బృందం 1980లలో గమనించి, ఆ తిత్తులకు 1987లో ఎక్సోసోమ్‌లని పేరు పెట్టింది. పందుల జబ్బు తొలిసారి గుర్తింపుకు వచ్చిన ఏడాదీ అదే కావడం కేవలం యాదృచ్ఛికం. కణం తన చెత్తను పారబోసే మార్గంగానే చాలాకాలం భావించిన ఈ తిత్తులు నిజానికి ఒక కణం నుంచి మరో కణానికి సమాచారాన్ని మోసుకుపోగలవని 1990ల చివర నుంచి క్రమంగా రుజువైంది. ఆ దారినే వైరస్‌లు కూడా వాడుకుంటాయన్న ప్రతిపాదన 2003లో హెచ్‌ఐవీ వంటి రెట్రోవైరస్‌ల విషయంలో వచ్చింది.

పీఆర్‌ఆర్‌ఎస్ సోకిన కణాలు వదిలిన ఎక్సోసోమ్‌లలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ, కొన్ని వైరస్ ప్రోటీన్లు ఉన్నాయని, విడి వైరస్‌ను పూర్తిగా నిలువరించిన యాంటీబాడీలు ఈ తిత్తుల ద్వారా సాగే సంక్రమణను ఆపలేకపోయాయని, మామూలుగా వైరస్ సోకని కణాల్లో సైతం ఇవి సంక్రమణను రేపాయని 2018లో చైనా పరిశోధకులు ప్రకటించారు. కణం తన సొంత పొరతోనే చుట్టి పంపిన సరుకును యాంటీబాడీ శత్రువుగా పోల్చుకోలేకపోవడమే ఇందుకు కారణమని వారి ఫలితాలు సూచిస్తాయి. అయితే ఇది గాజుపాత్రల్లోని కణాల మీద జరిగిన ప్రయోగమన్నది, పరిమాణంలో వైరస్‌కూ తిత్తికీ పెద్ద తేడా లేనందున రెంటినీ పూర్తిగా వేరుచేయడం ఎంతో కష్టమన్నది కూడా చదువరి గుర్తుంచుకోవాలి.

ఇందులోనే ఆశ కలిగించే సంగతి కూడా ఒకటుంది. వైరస్ రక్తం నుంచి తొలగిపోయి, కోలుకున్న పందుల సీరంలోని తిత్తుల్లో వైరస్ ప్రోటీన్లు మిగిలి ఉంటాయని 2016లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. వాటినే శుద్ధిచేసి టీకాగా వాడవచ్చునా అని పరీక్షించేందుకు అక్కడే పందులకు ఇవ్వగా, 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం అవి హాని చేయకపోగా వైరస్‌కు ప్రత్యేకించిన యాంటీబాడీలను పుట్టించాయి.