వలస ఆగిన మగ్గం

ఒకప్పుడు టర్కీలోని టారస్ కొండల్లో సంచారులైన యోరుక్‌ల బతుకంతా రెండు ప్రయాణాలు. ఎండలు ముదిరితే మందల్ని తోలుకుని కొండమీది పచ్చికలకు, చలి ముంచుకొచ్చేలోగా మళ్లీ చుకురోవా మైదానానికి. తూర్పున వాన్, హక్కారి వైపు కుర్దు సంచార తెగలదీ ఇదే తీరు. నేలలో నాలుగు మేకులు దిగ్గొట్టి పడుగు బిగిస్తే అదే మగ్గం. మకాం ఎత్తేయాల్సి వస్తే సగం నేసిన రగ్గుతో సహా చుట్టి ఒంటె మీద వేసేవారు. మగ్గం ఇరుకు కాబట్టి పెద్ద కిలీంను, అంటే బొచ్చు లేని రగ్గును, రెండు సగాలుగా నేసి మధ్యలో కుట్టేవారు. ఆ కుట్టు దగ్గర పువ్వుకు పువ్వు సరిగ్గా అతకదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ అతకని చోటే. కాగితం మీది నమూనా చూసి కాదు, తల్లి చేతిని చూసి నేర్చుకున్న నేత అది. ధాన్యం బస్తా, ఉప్పు సంచి, పెళ్లికూతురి సారె అన్నీ ఆ మగ్గం మీదివే. మనిషి పోతే శవం మీద కప్పిన కిలీంను మసీదుకు ఇచ్చేవారు.

1865లో ఒట్టోమన్ ప్రభుత్వం దర్విష్ పాషా వెంట చుకురోవాకు సైన్యాన్ని పంపింది. పన్నులు రావాలి, సైన్యంలోకి మనుషులు కావాలి, తెగలు ఒకచోట కుదురుకుని సేద్యం చేయాలి. వేసవిలో కొండలెక్కనివ్వలేదు. దోమలు ముసిరే ఆ మైదానంలో ఎన్నడూ ఎండాకాలం గడపని జనం మలేరియాకు పిట్టల్లా రాలిపోయారు. మందలు తరిగాయి, ఉన్నీ తరిగింది.

రంగులకూ అప్పుడే చేటు మూడింది. మంజిష్ఠ జాతి వేరు ఇచ్చే ఎరుపును 1868లో జర్మనీ రసాయనవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. మన బందరు కలంకారీలో చిరివేరును వెనక్కు నెట్టిందీ ఆ రంగే. అంతకుముందే వచ్చిన ఫ్యూషీన్ అనే కృత్రిమ రంగు మరీ ఘోరం. అది అద్దిన పాత రగ్గును తిరగేసి చూడండి: వెనక నిండైన గులాబీ, ముందు వెలిసిన బూడిద.

1990లలో తూర్పున పోరు ముదిరి, ఊళ్లు ఖాళీ అయి, కుర్దులకు కొండ పచ్చికలు చాలాచోట్ల మూతపడ్డాయి. అంతకుముందే, 1981లో, జర్మన్ రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు హరాల్డ్ బ్యోమర్ చొరవతో పశ్చిమాన అయ్వజిక్ పల్లెల్లో వేరు రంగులు మళ్లీ ఉడికాయి. ఆ పనిని మనసారా మెచ్చుకుంటాను. కానీ అక్కడ నేసేవారు ఇళ్లు కట్టుకుని స్థిరపడినవారు.

పాత జీను సంచులు వ్యాపారుల చేతికి చేరాయి. అందమైన ముందు భాగాన్ని కోసి దిండు గలీబుగా అమ్ముతారు. జంతువు డొక్కకు ఒరుసుకుని అరిగిన వెనక నేతను పక్కన పడేస్తారు.