మడతకత్తి: వాడినవీ, దాచినవీ

జేబులో ఇమిడే మడతకత్తి చాలా చిన్న వస్తువు. దానికి చెప్పుకోదగిన చరిత్ర ఏముంటుందని అనిపించవచ్చు. కాని పదునైన అంచును ఒంటిమీద పెట్టుకొని, తనకు తెగకుండా తిరగడం ఎట్లా అన్న సమస్య మానవునికి ఇనుము దొరికినంత పాతది. అలుగును పిడిలోనికి మడిచివేయడం దానికి దొరికిన సమాధానం. మధ్య ఐరోపాలో హాల్‌స్టాట్ సంస్కృతికి చెందిన మడతకత్తులు, సుమారు 2500 సంవత్సరాల నాటివి, త్రవ్వకాలలో లభించినవి. రోమనులు వాడినవి ఐరోపా మ్యూజియములలో అనేకం ఉన్నవి.

గోదావరి మండలంలో కత్తిని ఎప్పుడూ వెంట ఉంచుకోవలసిన వారిలో రైతుతోపాటు వ్రాతగాడు కూడా ఒకడు. డెల్టాలో తాటిచెట్లకు కొదువ లేదు. కాగితం చవకగా దొరికేవరకు కరణాలు, పండితులు తాటియాకుమీదనే వ్రాసేవారు. ఆకును ఎండబెట్టి, ఉడికించి, మరల ఆరబెట్టి, నునుపు చేయాలి. ఆకులన్నింటినీ ఒకే కొలతకు కోసి, త్రాడు దూర్చడానికి రంధ్రం వేయాలి. పిమ్మట గంటంతో అక్షరాలు గీసి, మసి గాని పసరు గాని పూస్తే గీతలు నల్లగా తేలుతవి. అనగా వ్రాసేవానికి మొన ఎంత అవసరమో అంచు కూడా అంతే అవసరం. అందుచేత దక్షిణదేశంలో గంటాన్నీ ఆకుకత్తినీ ఒకే పిడికి చేర్చి మడిచే పరికరాలు తయారైనవి. తమిళులు ఈ మడత గంటాన్ని మడక్కెళుత్తాణి అంటారు. తెరిస్తే వ్రాతపనిముట్టు, మూస్తే మొలలో దోపుకొనదగిన చిన్న కడ్డీ.

ఇటువంటి పరికరాలు నేడు మ్యూజియములలోను, సేకర్తల పెట్టెలలోను కనబడుతున్నవి. వాటిలో మన కంటిని ముందుగా ఆకర్షించేవి దంతపు పిడులు, ఇత్తడి నగిషీ, వెండి పొదుగు ఉన్నవి. వాటిని చూచి పూర్వం వ్రాతగాండ్రందరూ ఇట్లాంటి సొగసైన పనిముట్లతోనే వ్రాశారనుకుంటే పొరబాటు. నగిషీ గంటం కానుకగా వచ్చి పెట్టెలో పడివుంటుంది. అందుకే అది మిగిలింది. గ్రామకరణం ఇనుపకత్తి రోజూ ఆకు కోసి, రోజూ నూరబడి, అరిగి సన్నబడి, చివరకు కమ్మరికొలిమిలోనికి పోయి మేకుగానో మరొకటిగానో మారుతుంది. కత్తి ఎంత ఎక్కువగా ఉపయోగపడితే అంత త్వరగా చరిత్రకు అందకుండా పోతుంది. సేకరణలో మిగిలినదానిని బట్టి ఒకనాటి వాడుకను ఊహించేటప్పుడు ఈ సంగతి మరువరాదు.

మరొక ఉదాహరణ చూడండి. 1820ల దశకంలో మచిలీపట్టణంలోను రాజమహేంద్రవరంలోను ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు గ్రంథాలను సేకరించి, లేఖకులకు జీతాలిచ్చి ప్రతులు వ్రాయించాడు. ఆ సేకరణ మద్రాసులోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. 1852లో వెలువడిన తన నిఘంటువులో గంటమనే మాటకు అర్థం కూడా ఇచ్చాడు. వ్రాసినదానికి ఉన్న గౌరవం వ్రాసిన పనిముట్టుకు లేకపోవడం ఆయనతో మొదలైనది కాదు, ఆయనతో పోలేదు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలను చూచే విద్యార్థి వాటి అంచులను కూడా ఒకసారి పరిశీలించాలి. అంత తిన్నగా కోసినది ఏదో ఒక కత్తి.

కాగితంతోపాటు కలం వచ్చింది. రెల్లు కలం మొన అరిగినప్పుడల్లా చెక్కాలి. కలం అన్న మాట అరబ్బీది. దానిని చెక్కే చాకు పేరు పారశీకం. ఆ భాషలో చాకూ అంటే ముఖ్యంగా మడతకత్తియే. పేనాకత్తి అన్న పేరు కూడా పెన్నును చెక్కే పనినుండి పుట్టినదే. ఉక్కుపాళీలు వచ్చిన తరువాత పెన్ను చెక్కే పని పోయింది, పేరు మాత్రం పోలేదు. పెన్సిలు చెక్కడం, ఉత్తరం చించడం, మామిడికాయ కోయడం దాని క్రొత్త పనులైనవి.

కత్తికి ప్రాణం ఉక్కు. ఈ విషయంలో డెల్టాకు ఎగువన, గోదావరీ పరీవాహక ప్రాంతంలోనే ఉన్న నిజామాబాదు జిల్లా కోనసముద్రాన్ని తలచుకోవాలి. అక్కడ ఇనుమును మట్టి మూసలలో కరిగించి ఉక్కుముద్దలు చేసేవారు. ఆ పనిని స్వయంగా చూచిన హెన్రీ వాయిసీ వర్ణన, అతని మరణానంతరం, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఈ సరకుకోసం పారశీక వర్తకులు అక్కడికే వచ్చేవారు. మన ఉక్కు అన్న మాటయే ఐరోపావారి నోట వూట్జ్ అయిందని పలువురి అభిప్రాయం.

ఇదే జాతి ఉక్కుముద్దలను హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు బొంబాయినుండి లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. జార్జి పియర్సన్ వాటిని పరీక్షించి 1795లో ఫలితాలు ప్రకటించాడు. ఆ పరీక్షలలో జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల పనివాడు ఆ ఉక్కుతో ఒక పేనాకత్తి చేశాడు! దాని అంచు శ్రేష్ఠమైన ఉక్కుకత్తి అంచుకు ఏమాత్రం తీసిపోలేదని తేలింది. ఈ స్టోడార్టే తరువాత మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రలోహాలపై పరిశోధించి 1820లోను 1822లోను వ్యాసాలు వెలువరించాడు. విద్యుత్తుకు పేరుపొందిన ఫారడే కమ్మరి కొడుకని మన విద్యార్థులకు చెప్పదగును. డెమాస్కస్ ఖడ్గాల పేరిట ఈ ఉక్కును లోకమంతా సేకరించింది. చేసినవారి కొలుములు మాత్రం 19వ శతాబ్దిలో చల్లారిపోయినవి.

ఇంగ్లండులో మడతకత్తులకు షెఫీల్డు నగరం ప్రసిద్ధం. పిడి వెన్నున ఒక ఉక్కుబద్దను స్ప్రింగుగా అమర్చి, అలుగు తెరిచినా మూసినా నిలిచేటట్లు చేయడం 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో అక్కడ వ్యాపించింది. ఆ నైపుణ్యం క్రమంగా ప్రదర్శనకు దిగింది. జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీవారు 1822లో 1,822 అలుగులతో ఒక కత్తిని చేసి, తరువాతి సంవత్సరాల లెక్కకు సరిపడా అలుగులు చేర్చుతూ వచ్చారు. 1851 లండన్ మహాప్రదర్శనలో 75 అలుగుల నార్ఫోక్ కత్తి చూపబడింది. వీటితో పెన్సిలు చెక్కడం ఎవరికీ సాధ్యం కాదు. చేసినవారి చేతిపనికి సాక్ష్యాలుగా నిలవడమే వాటి పని, ఆ పనిని అవి చక్కగానే చేస్తున్నవి.

కాబట్టి కత్తి కొనేవాడు ముందుగా తేల్చుకోవలసినది ఇది వాడుకకా, దాచుకొనడానికా అని. రోజూ వాడదలచినవాడు పిడి నగిషీని చూడనక్కరలేదు. అలుగు తెరిచి అటూఇటూ కదలిస్తే కీలు వద్ద ఊగరాదు. స్ప్రింగు గట్టిగా పట్టాలి. మూసినప్పుడు మొన బయటికి పొడుచుకు రాకూడదు. తరువాత లోహం. కర్బనపు ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచితే గట్టిపడుతుంది, కాని పెళుసవుతుంది. దానిని తిరిగి కొద్దిగా వేడిచేస్తే పెళుసుతనం తగ్గి, అంచు నిలుస్తుంది. ఇటువంటి కత్తి సానరాతిమీద సులభంగా నూరుకుంటుంది. సముద్రపు గాలి తగిలే కోనసీమలో తుడవకుండా ఉంచితే మాత్రం త్వరగా తుప్పు పడుతుంది.

దానితో పచ్చి అరటికాయ కోస్తే అలుగూ కాయా నల్లబడతవి. కాయలోని టానిన్ ఇనుముతో కలియడమే దీనికి కారణం. కరక్కాయ రసంలో అన్నభేది కలిపి మన పెద్దలు సిరా చేసినదీ ఈ రసాయన చర్యతోనే. తరగతిలో చూపడానికి ఇంతకంటె చవకైన ప్రయోగం ఉండదు. 1913లో షెఫీల్డులోనే హ్యారీ బ్రియర్లీ చేసిన ఉక్కులో క్రోమియం సుమారు 13 శాతం ఉన్నది. క్రోమియం ఆక్సైడు పలుచని పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. వంటింటికీ కొబ్బరితోటకూ తిరిగేవానికి ఈ తుప్పుపట్టని ఉక్కే మేలు అని నా అభిప్రాయం.

పాతకత్తిని దాచేవాని ధర్మం ఇందుకు పూర్తిగా విరుద్ధం. దానిని నూరరాదు, మెరుగు పెట్టరాదు; పలుచగా నూనె రాసి పొడిచోట ఉంచాలి. కరణాల ఉద్యోగాలు 1984లో రద్దైనవి. డెల్టా గ్రామాలలో ఆ కుటుంబాలవారి పెట్టెలలో గంటాలు, ఆకుకత్తులు ఇంకా దొరకవచ్చును. ఉపాధ్యాయులు విద్యార్థులచేత వాటి బొమ్మలు గీయించి, కొలతలు తీయించి, ఎవరు ఏ పనికి వాడారో ఇంటి పెద్దలనడిగి వ్రాయించగలరు. కొలిచేటప్పుడు అలుగు వెడల్పును రెండుచోట్ల చూడాలి: పిడి ప్రక్కన ఒకటి, నడుమ ఒకటి. పిడిని ఆనుకొని ఉన్న భాగానికి సానరాయి అందదు గనుక అక్కడ మొదటి వెడల్పు చాలావరకు మిగిలి ఉంటుంది. నడుమ అంతకన్న తగ్గి, అంచు లోనికి వంగి ఉంటే, ఆ తగ్గినంతమేర ఉక్కు వాడుకలో అరిగిపోయిందన్నమాట.