షావుకారి చిట్టా నుంచి సిబిల్ స్కోరు దాకా



మేము హనుమాన్ జంక్షన్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మన్యం పిల్లలం. గదిలో నలుగురం. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సాయంత్రాలు పనికెళ్ళే మావాడొకడికి పోయినేడు ఎవరో "కార్డు ఫ్రీ, సంతకం పెడితే చాలు" అన్నారు. పెట్టేశాడు, ఫోన్ కొన్నాడు. నెలనెలా 'మినిమమ్' కడుతూ అప్పు తీరుతోందనుకున్నాడు. ఒకరోజు బిల్లు ముందేసుకుని అందరం లెక్క కట్టాం. అప్పుడు మా పెద్దోళ్ళు చెప్పే షావుకారి కథలే గుర్తొచ్చాయి.

ఆ కథలు ఉత్త కథలు కావు. 1879 రంప తిరుగుబాటుకి ముఠాదార్ల గొడవ, కల్లు పన్నుతో పాటు అప్పు కూడా కారణమే. మైదానం నుంచొచ్చిన వ్యాపారులు మనవాళ్ళ చేత ఏవో కాగితాల మీద ఒప్పించుకుని, కోర్టులో డిక్రీ తెచ్చుకుని, చిన్న అప్పుకి కూడా పశువుల్నీ పంటనీ తోలుకుపోయేవాళ్ళు. కాగితంలో ఏముందో మనకి తెలీదు. చదవగలిగింది అవతలోడొక్కడే.

అందుకే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీకి ఒక చట్టం చేసింది. వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదు. మొత్తం వడ్డీ అసలుని మించకూడదు. అనుమతి లేకుండా గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకూడదు. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది, చింతపండుకీ అడ్డాకులకీ షావుకారొక్కడే దిక్కు కాకుండా.

ఇప్పుడు మేమున్న చోటు సంగతి. ఇక్కడి నుంచి గుడివాడ మీదుగా పోతే మచిలీపట్నం. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టింది అక్కడే. 1981లో ఆ బ్యాంకు క్రెడిట్ కార్డు తెచ్చింది, దేశంలో మొదట తెచ్చిన బ్యాంకుల్లో అదొకటి. అప్పట్లో కార్డు జీతగాళ్ళకీ వ్యాపారులకే. మనలాంటోళ్ళ ఇళ్ళకి అప్పు వేరే దారిలో వచ్చింది. 2006లో ఇదే కృష్ణా జిల్లాలో వడ్డీల మీద, వసూళ్ళ మీద గొడవలై, అధికారులు కొన్ని మైక్రోఫైనాన్స్ శాఖల్ని మూయించారు. ఇప్పుడు కార్డే హాస్టల్ గేటు దాకా వచ్చింది.

మేం కట్టిన లెక్క ఇది. బిల్లు 10,000. మినిమమ్ 5 శాతం, అంటే 500 కట్టాం. మిగిలిన 9,500 మీద నెలకి 3.5 శాతం వడ్డీ 332. దాని మీద 18 శాతం జీఎస్టీ 60. వచ్చే నెల బాకీ 9,892. కట్టింది 500, తగ్గింది 108! ఇది కూడా తక్కువలో లెక్క. పూర్తిగా కట్టకపోతే కొన్న రోజు నుంచే వడ్డీ వేస్తారు, కొత్తగా కొన్నవాటికి కూడా గడువుండదు.

నెలకి 3.5 అంటే ఏడాదికి 42. మా ముత్తాతల కాలం చట్టం 24 దగ్గర ఆపింది. కార్డు వడ్డీ 30 దాటితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కాబట్టి మన జాగ్రత్త మనదే.

అలాగని కార్డు దెయ్యమేం కాదు. గడువులోగా మొత్తం బిల్లు కడితే వడ్డీ రూపాయి కూడా పడదు, పైగా స్కోరు పెరుగుతుంది. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. రేపు ఇంటికో, బండికో లోను అడిగితే బ్యాంకు ముందు చూసేది దాన్నే. ఒక్క బిల్లు ఎగ్గొట్టినా అందులో ఏళ్ళ తరబడి కనిపిస్తుంది. సిబిల్ లాంటి సంస్థలు నాలుగున్నాయి. ఏడాదికోసారి మన రిపోర్టు ప్రతి సంస్థ ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే దిద్దమని అడగొచ్చు.

తేడా ఇక్కడే ఉంది. షావుకారి చిట్టా మన తాతలకి ఎవరూ చూపించలేదు, చూపించినా చదవలేకపోయేవాళ్ళు. మన చిట్టా మనం తెరిచి చదువుకోవచ్చు.

మావాడు కార్డు వాడటం ఆపేశాడు. ఇంకో నాలుగు నెలల్లో బాకీ తీరుతుంది. వాడికి బిల్లు రాగానే నలుగురం కూర్చుని చదువుతున్నాం. మీరూ సంతకం ముందు చదవండి. పండక్కి ఊరెళ్ళినప్పుడు పెద్దోళ్ళని అప్పు కథలు అడిగి రాసుకోండి. అది కూడా మన చరిత్రే.