మసి కాగితం మీద ఉత్తర సముద్రం

1933 నవంబరు 20. గ్రీన్‌లాండ్‌కూ కెనడాలోని బాఫిన్ దీవికీ నడుమ బాఫిన్ అఖాతం. నవంబరు సగం దాటితే అక్కడ సూర్యుడు పొడవడు. ఆ చీకట్లో సముద్రపు నేల 7.3 తీవ్రతతో కంపించింది. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన పరికరాలకు అందిన భూకంపాల్లో ఇంతకంటే పెద్దది లేదు. ఇల్లు కూలిన దాఖలా లేదు. చెప్పుకోవడానికి ఊరే లేని చోటు. అయినా దానికి సాక్షులున్నారు. వేల కిలోమీటర్ల దూరాన, నేలమాళిగల్లో, గడియారానికి కట్టుబడి తిరుగుతున్న కాగితాలు.

ఆ కాగితాల సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. జర్మనీలోని గోటింగెన్‌లో ఎమిల్ వీషెర్ట్ రూపొందించిన భూకంపలేఖినిలో టన్ను బరువు తలకిందుల లోలకంలా నిలబడి ఉంటుంది. నేల కదిలినా అంత బరువు చప్పున కదలదు. ఆ తేడాను సన్నని మీటలు పెద్దది చేసి సూది మొనకు అందిస్తాయి. నున్నటి కాగితాన్ని పొగమంట మీద తిప్పి, మసి పట్టించి, డ్రమ్ముకు చుట్టేవారు. సూది మసిని గీరుకుంటూ తెల్లటి గీత గీసేది. నిమిషానికోసారి గడియారం ఆ గీతలో చిన్న గుర్తు వేసేది. మర్నాడు కాగితం విప్పి, మసి చెదరకుండా వార్నిష్ పట్టించి ఆరేసేవారు. ఈలోగా వేలు తగిలిందా, ఓ భూకంపం చెరిగిపోయినట్టే.

కాగితం నిమిషానికి 15 మిల్లీమీటర్లు జరుగుతోందనుకుందాం. మిల్లీమీటరుకు 4 సెకన్లు. ఐదారు వేల కిలోమీటర్ల అవతలి భూకంపమైతే, మొదట చేరే పి తరంగాన్ని ఒక్క సెకను తేడాగా రాసుకున్నా ఆ స్టేషను లెక్కలో దూరం దాదాపు 15 కిలోమీటర్లు మారిపోతుంది. భూతద్దం కింద మిల్లీమీటరు పొరబడితే 60 కిలోమీటర్లు!

గడియారాలూ తక్కువ తిప్పలు పెట్టలేదు. రేడియో సమయ సంకేతాలు రాకముందు వేధశాలల్లో నక్షత్రాలను చూసి గడియారం దిద్దుకునేవారు. భూకంపలేఖినులు చాలాచోట్ల వేధశాలల్లోనే ఉండటానికి అదొక కారణం. అయినా పాత రికార్డుల్లో పదీ ఇరవై సెకన్లు తప్పిన గడియారాలు కద్దు. ఇక్కడ ఆదుకునేది పి తరంగానికీ, దాని వెనకే నెమ్మదిగా వచ్చే ఎస్ తరంగానికీ మధ్య ఎడం. గడియారం ముందున్నా వెనకున్నా ఆ ఎడం మారదు. పాత భూకంపాల చోటు వెతికేవారికి అదే చేతికర్ర.

1918 నుంచి జరిగిన భూకంపాలకు ప్రపంచం నలుమూలల స్టేషన్ల అంకెలు టపాలో ఆక్స్‌ఫర్డ్ చేరేవి. హెర్బర్ట్ హాల్ టర్నర్ ఆధ్వర్యంలో వాటిని చేత్తో లెక్కగట్టి అచ్చువేశారు. కొత్త అంకెలు వెనకటి భూకంపానికి సరిపోతే ‘ఫలానా తేదీ నాటి చోటే’ అని రాసి ముందుకు సాగేవారు. ఆ సౌకర్యమే ఇప్పటివారికి చిక్కయింది. పైగా స్టేషన్లలో ఎక్కువ భాగం యూరప్‌వే. ఒక పక్క నిలబడ్డవాళ్లే కేక విన్నప్పుడు అది ఎంత దూరం నుంచి వచ్చిందో తేల్చడం ఎంత కష్టమో, ఇదీ అంతే.

తేల్చితే ఏమొస్తుందో 1960ల్లో తెలిసింది. అట్లాంటిక్ నడిమి పర్వతశ్రేణి ఆర్కిటిక్‌లోకీ సాగుతోందని బ్రూస్ హీజెన్, మారిస్ యూయింగ్ 1961లో భూకంపాల వరుసను ఆధారంగా చూపారు. 1965లో లిన్ సైక్స్ ఆర్కిటిక్ భూకంపాలను కంప్యూటర్‌తో మళ్లీ లెక్కించేసరికి చెదిరిన చుక్కలు సన్నని పట్టీలోకి సర్దుకున్నాయి. మంచు కింద ఉన్న కొండల వరుసను కంపాలే పట్టిచ్చాయి. ఇప్పుడు దాన్ని గాకెల్ శ్రేణి అంటున్నాం. పొడవు సుమారు 1,800 కిలోమీటర్లు. రెండు భూపలకలు అక్కడ ఏడాదికి సెంటీమీటరు అటూఇటుగా మాత్రమే విడిపోతాయి. అంత నెమ్మది చోట పెద్ద కంపాలు అరుదు. ఇరవై ముప్పై ఏళ్ల ఆధునిక రికార్డు చూసి అక్కడి స్వభావం ఇదీ అనేయడం తొందరపాటు అవుతుంది. అందుకే నూరేళ్ల నాటి మసి కాగితాలు కావాలి.

బాఫిన్ భూకంపాన్నే చూడండి. పగులుకు ఒక పక్కనున్న శిల రెండో పక్కదాని మీదికి ఎక్కడం వల్ల వచ్చిందని మొదట అనుకున్నారు. కెనడా శాస్త్రవేత్త ఆలిసన్ బెంట్ పాత గీతలను మళ్లీ పరిశీలించి, పక్కపక్కనే ఒరుసుకుంటూ జారిన పగులు అని 2002లో వెల్లడించారు. గాకెల్ శ్రేణి సైబీరియా తీరాన్ని తాకే లాప్తెవ్ సముద్రం వైపు చూస్తే, 1927 నవంబరులో లేనా నది దిగువన బులున్ ప్రాంతంలో పెద్ద కంపాలు వచ్చాయి. పలకల సరిహద్దు నేల మీదికి ఎలా ఎక్కుతుందనే చర్చలో ఆ పాత కంపాలు ఎక్కడ పుట్టాయన్నది నేటికీ కీలకమే. రష్యాలోని ఆర్ఖాంగెల్స్క్ పరిశోధకులు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల ఆర్కిటిక్ భూకంపాలను ఇలాగే ఒక్కొక్కటిగా తిరగదోడుతున్నారు.

ఈ పనికి స్టేషన్లు తమ అంకెలతో వెలువరించిన బులెటిన్లే ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధంలో లెనిన్‌గ్రాడ్ పక్కనున్న పుల్కోవో వేధశాల నేలమట్టమైంది. కానీ స్టేషన్లు ఒకదానికొకటి బులెటిన్లు పంపుకునేవి కాబట్టి, ఒకచోట పోయిన అంకె ఇంకోచోట అలమారాలో దొరికే వీలుంది. ఆ టపా వలయంలో మన దేశమూ ఉంది. కొలాబా, అలీపూర్, కొడైకెనాల్ వేధశాలల్లో పందొమ్మిదో శతాబ్దం చివరికే మిల్న్ భూకంపలేఖినులు చేరాయి. తర్వాత హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా వేధశాలలో మిల్న్-షా పరికరం పెట్టారు. ఆక్స్‌ఫర్డ్ అచ్చువేసిన పట్టికల్లో యూరప్ ఊళ్ల మధ్య హైదరాబాద్ పేరూ కనిపిస్తుంది. పక్కనే పి వచ్చిన నిమిషం, సెకను.